ముక్కు మీద నిలిస్తేనే చూపు

కళ్లజోడులో అన్నిటికంటే చవకైన భాగం నోస్ ప్యాడ్. అద్దం ఎంత మంచిదైనా, నంబరు ఎంత సరిగ్గా ఉన్నా ఈ చిన్న జత పాడైతే కళ్లజోడు ముఖం మీది నుంచి పెట్టెలోకి చేరుతుంది. చెమట, సింధూరం, పొగాకు పొడి, నూలు దుమ్ము కలిసే ఉత్తర తెలంగాణలో దాని కథ తెలుసుకోవాల్సిందే. దాన్ని ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చు, కాస్త ఓపిక ఉంటే మార్చుకోవచ్చు కూడా.

వైశాఖ బహుళ దశమి, పెద్ద హనుమాన్ జయంతి. జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట పక్కన కొండగట్టు గుట్టంతా కాషాయం కడుతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల ఊళ్ల నుంచి దీక్షాపరులు చెప్పుల్లేకుండా నడిచి వచ్చి అంజన్న ముందు మాల విరమిస్తారు. 11 రోజులు, 21 రోజులు, 41 రోజులు దీక్షలో గడిపినవాళ్లు వీళ్లు. మే నెల ఎండ ఇక్కడ 44, 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. నుదుటి సింధూరం చెమటకు కరిగి కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదికి జారుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు ఆ ధార సరిగ్గా నోస్ ప్యాడ్ల మీద ఆగుతుంది.

క్యూలో నిలబడ్డ ఒక పెద్దాయన రెండడుగులకోసారి అద్దాలను వేలితో పైకి తోసుకుంటాడు. ఇంకొకాయన కోతుల భయానికి తీసి చొక్కా జేబులో కుక్కుకుంటాడు; తిరిగి పెట్టుకునేసరికి ఒక వైపు వంగి ఉంటాయి. తలనీలాలు ఇచ్చే చోట తీసినవాళ్లు తడి చేతులతో మళ్లీ తగిలించుకుంటారు. గుట్ట కింద నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లల అద్దాలు దూరపు చూపువి, గుట్టెక్కే పెద్దల అద్దాలు ఎక్కువగా దగ్గరి చూపువి. వయసు ఏదైనా, నంబరు ఏదైనా ఆ బరువును మోసేది మాత్రం ముక్కుకు అటూ ఇటూ ఆనే సెంటీమీటరున్నర పొడవు మెత్తలే.

ఈ మెత్తల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అద్దం మీద గీత పడితే కంగారు పడతారు, కాడ విరిగితే ఆ రోజే షాపుకు వెళ్తారు. ప్యాడ్ పసుపుబారినా, పచ్చగా చిలుము పట్టినా, ఒకటి ఊడిపోయి లోహపు కొక్కెం ముక్కును గీరుతున్నా నెలల తరబడి అలాగే నెట్టుకొస్తారు. చివరికి ఒకరోజు అద్దాలు కిటికీ గట్టు మీదికి చేరతాయి. చూపు కోసం పెట్టిన డబ్బు, అద్దాలు పంచడానికి ప్రభుత్వం పెట్టిన శ్రమ రెండూ అక్కడే ఆగిపోతాయి.

చిలుము ఎక్కడి నుంచి వస్తుంది?

మెటల్ ఫ్రేముల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం ఒకటి. నికెల్, రాగి ప్రధానంగా ఉండే మోనెల్ ఇంకొకటి. పైన బంగారు రంగో, వెండి రంగో పూత ఉంటుంది. చెమటలోని ఉప్పు, చర్మం మీది ఆమ్లగుణం కలిసి ఆ పూతను మెల్లగా తినేస్తాయి. లోపలి రాగి బయటపడగానే గాలి, తేమ, ఉప్పుతో కలిసి పచ్చని లవణాలుగా మారుతుంది. పూజగదిలో రాగి చెంబుకు పట్టేది ఏదో, ప్యాడ్ వెనుక గూట్లో పట్టేదీ అదే. టైటానియం ఫ్రేములో రాగి ఉండదు కాబట్టి అక్కడ ఈ పచ్చదనం కనిపించదు. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ చాలా అరుదు.

చిలుము అక్కడే ఎందుకు పడుతుందనేదానికి జవాబు ప్యాడ్ నిర్మాణంలో ఉంది. ఫ్రేము నుంచి సన్నని తీగలాంటి చేయి ఒకటి వంపు తిరిగి వస్తుంది. దాని చివర చిన్న గూడు, ఆ గూట్లో ప్యాడ్ వీపు మీది బుడిపె ఇరుక్కుని ఉంటుంది, మధ్యలో స్క్రూ. గుడ్డ దూరని సందు అది. అద్దాన్ని చీర కొంగుతోనో తువ్వాలతోనో తుడిచేవాళ్లు రోజుకు పదిసార్లు తుడిచినా ఆ సందు జోలికి వెళ్లరు. ముఖానికి రాసుకున్న పౌడరు, తలనూనె, చర్మపు జిడ్డు, దుమ్ము అక్కడ గడ్డకడతాయి. ఆ ముద్ద తేమను పట్టి ఉంచుతుంది, తేమ లోహాన్ని తింటుంది.

పసుపు రంగు సంగతి వేరు. అది ప్యాడ్ పదార్థానిదే. పీవీసీ, సిలికాన్ ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడు నీళ్లలా తెల్లగా ఉంటాయి. చర్మపు నూనెల్ని పీల్చుకుని, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నెమ్మదిగా మారి పసుపుబారతాయి. ముఖానికి పసుపు రాసుకునే ఇళ్లలో ఈ రంగు ఇంకా తొందరగా దిగుతుంది. పసుపులోని రంగు పదార్థం సిలికాన్‌లోకి ఇంకితే ఏ సబ్బుకూ వదలదు. అలాంటి ప్యాడ్‌ను ఎంత తోమినా తెల్లబడదు, మార్చడమే దారి.

అయిదు మిల్లీమీటర్ల తేడా

అద్దం కంటికి ఎంత దూరంలో ఉండాలన్నది కూడా నంబరులో భాగమే. మామూలుగా కంటి ముందు భాగానికి, అద్దం వెనుక భాగానికి మధ్య 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉండేలా కళ్లజోడును అమరుస్తారు. ఆ దూరాన్ని నిలబెట్టే పని నోస్ ప్యాడ్‌ది.

మైనస్ 10 నంబరు అద్దం ముక్కు మీద అయిదు మిల్లీమీటర్లు జారితే కంటికి అందే శక్తి సుమారు 0.4 తగ్గుతుంది. ప్లస్ 10 అద్దమైతే సుమారు 0.7 పెరుగుతుంది. చిన్న నంబర్లలో ఈ తేడా లెక్కలోకి రాదు. పెద్ద నంబర్లవాళ్లకు మాత్రం బస్సు బోర్డు కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య ఉండే తేడా అది.

ప్లస్ 10 అంటే ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాతతరానికి బాగా తెలిసిన అద్దాలే. 1976లో దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైన తర్వాత చాలా ఏళ్లు కంటి శుక్లం ఆపరేషన్లు శిబిరాల్లో జరిగేవి. అప్పట్లో కంట్లో కృత్రిమ కటకం పెట్టే పద్ధతి పల్లెలకు రాలేదు. శుక్లం తీసేసి, సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చేవారు. ఆ బరువంతా ముక్కు మీదే. 1990ల తర్వాత కంటిలోనే కటకం అమర్చడం సాధారణమయ్యాక ఆ మందపాటి అద్దాలు మెల్లగా కనుమరుగయ్యాయి. అద్దాల పదార్థం కూడా మారింది. గాజు సాంద్రత 2.5 దాకా ఉంటే, ఇప్పుడు ఎక్కువగా వాడే సీఆర్-39 ప్లాస్టిక్‌ది 1.32 మాత్రమే. అంటే అదే పరిమాణానికి బరువు దాదాపు సగం.

బరువు తగ్గినా అమరిక ప్రాధాన్యం తగ్గలేదు, పెరిగింది. బైఫోకల్ అద్దంలో కింది అర్ధచంద్రం గీత దాదాపు కింది కనురెప్ప అంచుకు సరిపోవాలి. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరం, మధ్య దూరం, దగ్గర అన్నీ ఒకే అద్దంలో పైనుంచి కిందికి సన్నని దారిలో ఉంటాయి. ప్యాడ్లు అరిగి ఫ్రేము మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే ఆ దారి కంటికి తప్పిపోతుంది. మెట్లు దిగేటప్పుడు తల తిరిగినట్టు, చదివేటప్పుడు గడ్డం ఎత్తాల్సి వచ్చినట్టు అనిపిస్తుంది. అద్దాలు పడలేదని పక్కన పెట్టేవాళ్లలో కొందరికి అసలు తప్పు ప్యాడ్‌దే. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఒక వైపు ప్యాడ్ ఊడి ఫ్రేము ఏటవాలుగా కూర్చుంటే సిలిండర్ కోణమూ వంకర తిరిగి అక్షరాలు మసకబారతాయి.

చదివేటప్పుడు పెద్దవాళ్లు అద్దాల్ని ముక్కు కొసకు జార్చుకోవడం ఊరూరా కనిపించే దృశ్యం. దానికీ ఇదే లెక్క. ప్లస్ అద్దం కంటికి దూరం జరిగేకొద్దీ దగ్గరి చూపుకు దాని సాయం కాస్త పెరుగుతుంది. అలా జార్చుకుంటే తప్ప పేపరు కనిపించడం లేదంటే నంబరు పెరిగిందని అర్థం. ఓసారి కంటి పరీక్ష చేయించుకోవాలి.

ముక్కును ఒప్పించిన చరిత్ర

కళ్లజోడు 13వ శతాబ్ది చివర ఇటలీలో పుట్టింది. రెండు అద్దాల్ని ఒక మేకుతో కలిపి ముక్కు మీద నొక్కి పెట్టేవారు, కాడలు లేవు. మన దిక్కు చూస్తే, విజయనగరంలో కృష్ణదేవరాయల కాలంలో వ్యాసతీర్థులు కళ్లద్దాలతో గ్రంథం చదివేవారని ఆయన జీవితం మీద సోమనాథ కవి రాసిన వ్యాసయోగిచరితంలో ఉంది. అది 1520 ప్రాంతపు మాట. భారతదేశంలో కళ్లద్దాల చరిత్ర రాసిన పి.కె. గోడే ఈ ప్రస్తావనను ముందుకు తెచ్చారు. పోర్చుగీసువాళ్లు గోవాలో దిగిన కొద్ది సంవత్సరాలకే తుంగభద్ర ఒడ్డున ఒక పీఠాధిపతి ముక్కు మీద అవి నిలిచాయన్నమాట.

చెవుల మీదికి వెళ్లే కాడలు 18వ శతాబ్దిలో లండన్‌లో వచ్చాయి. 19వ శతాబ్దిలో కాడలు లేకుండా స్ప్రింగుతో ముక్కును పట్టుకునే పిన్స్-నే అద్దాలు పాశ్చాత్య దేశాల్లో బాగా నడిచాయి. వాటి పట్టు గుచ్చుకోకుండా లోపలి అంచులకు కార్కు ముక్కలు అతికించేవారు. తీగచేతుల చివర తిరిగే ప్యాడ్లు, వాటిని ఒక్కొక్క ముక్కుకు తగ్గట్టు వంచుకునే వీలు 20వ శతాబ్దిలో విస్తరించాయి. ఆ వీలే పెద్ద మార్పు. ముక్కు ఎముక ఎత్తు, వెడల్పు, వాలు ఏ ఇద్దరికీ ఒకటి కావు. ఫ్రేము ఫ్యాక్టరీ నుంచి ఒకే కొలతలో వస్తుంది, దాన్ని మనిషికి కుదిర్చేది ప్యాడే.

ఫ్రేము లోపలి వైపు చూస్తే 52, 18, 140 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది రెండు అద్దాల మధ్య ముక్కు మీది దూరం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లే. కొనేటప్పుడు రంగు, ఆకారం చూసేవాళ్లు రెండో అంకెను కూడా చూసుకుంటే తర్వాత చాలా బాధలు తప్పుతాయి. సన్నని ముక్కుకు 20, వెడల్పాటి ముక్కుకు 16 పెడితే ఏ ప్యాడ్ మార్చినా పూర్తిగా కుదరదు.

బీడీ ఆకు, నూలు పోగు, వెండి తీగ

దగ్గరి చూపు లేకుండా సాగని పనులు ఈ ప్రాంతంలో ఎన్నో. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ చుట్టూ లక్షల మంది ఆడవాళ్లకు బీడీలే బతుకుతెరువు. తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టే పని చాట ఒళ్లో పెట్టుకుని తల వంచి గంటలకొద్దీ చేయాలి. తల వంచిన ప్రతిసారీ అద్దాలు కిందికి జారాలని చూస్తాయి. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి మోచేతితోనో భుజంతోనో పైకి తోసుకోవాలి. సన్నని పొగాకు పొడి గాలిలో లేచి జిడ్డు ప్యాడ్లకు అంటుతుంది. ప్యాడ్ వెనుక గూడు గోధుమ రంగులోకి మారుతుంది.

సిరిసిల్ల మరమగ్గాల మధ్య తెగిన పోగును వెతికి ముడి వేసే పనివాళ్లదీ ఇలాంటి కష్టమే; అక్కడ అంటేది నూలు దుమ్ము. కరీంనగర్‌లో వెంట్రుకంత వెండి తీగను మెలితిప్పి అల్లే ఫిలిగ్రీ కళాకారులకు కళ్లద్దాలు పనిముట్టుతో సమానం. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళ నిలబడేది దగ్గరి చూపు మీదే. నిర్మల్ బొమ్మలకు సన్నని కుంచెతో గీతలు దిద్దేవాళ్లకూ అంతే.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన దృష్టి నివేదిక ప్రకారం ఇలాంటి చూపు లోపానికి అద్దాలు అందనివాళ్లు ప్రపంచంలో 82.6 కోట్ల మంది. అద్దాలు ఇస్తే పనిలో ఎంత తేడా వస్తుందో అసోం తేయాకు తోటల్లో కొలిచి చూశారు. నలభై ఏళ్లు దాటిన 751 మంది ఆకు కోసేవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దగ్గరి చూపు అద్దాలు ముందే ఇచ్చారు. అద్దాలు అందిన జట్టులో పని దిగుబడి మిగతావాళ్లకంటే 21.7 శాతం ఎక్కువ పెరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో 824 మందితో చేసిన ఇంకో అధ్యయనం 2024లో వెలువడింది. ఎనిమిది నెలల్లో అద్దాలు అందినవాళ్ల నెల ఆదాయం మిగతావాళ్లకంటే మూడో వంతు ఎక్కువగా ఉంది. లెక్కకు కూలి కట్టే బీడీ పనిలో ఈ అంకెల అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఆ లాభం అద్దాలు పెట్టుకుని పనిచేసినవాళ్లది. పెట్టెలో ఉన్న అద్దాలు ఏ దిగుబడినీ పెంచవు.

ముథోల్ చెప్పిన సంగతి

బాసర సరస్వతి క్షేత్రానికి దగ్గర్లో ముథోల్ ఉంది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెలకు వెళ్లాలనుకున్నప్పుడు తన తొలి గ్రామీణ కంటి ఆసుపత్రిని ఇక్కడే తెరిచింది. భోస్లే గోపాలరావు పటేల్ పేరు మీద 1996లో అది మొదలైంది. తర్వాత ఆ సంస్థ మెట్లు మెట్లుగా ఒక పద్ధతిని కట్టుకుంది. సుమారు 50 వేల మంది జనాభాకు ఒక విజన్ సెంటర్, దాని పైన 5 లక్షల మందికి ఒక చిన్న ఆసుపత్రి, ఆ పైన పెద్ద ఆసుపత్రులు. విజన్ సెంటర్‌లో స్థానికంగా శిక్షణ పొందిన టెక్నీషియన్ కంటి పరీక్ష చేసి అద్దాలు ఇస్తారు. మనిషి ఉన్న ఊరికి దగ్గర్లో, ఏడాది పొడవునా తలుపులు తెరిచి ఉండే చోటు అది.

అదే సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించి ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం చేసింది. అప్పటి పరిశోధకులు అద్దాల వాడకం గురించి కూడా అడిగారు. ఒకప్పుడు పెట్టుకుని తర్వాత మానేసినవాళ్లు చెప్పిన కారణాల్లో రెండు గట్టిగా వినిపించాయి. నంబరు సరిపోలేదనో, పెట్టుకుంటే ఇబ్బందిగా ఉందనో కొందరు. పోగొట్టుకుని మళ్లీ కొనుక్కోలేక ఇంకొందరు. ఇబ్బంది అన్న మాటలో ముక్కు మీది నొప్పి, జారడం, చెవి వెనుక ఒరుపు అన్నీ ఉంటాయి. అవి కళ్లద్దాల షాపులో అయిదు నిమిషాల్లో తీరే బాధలు. షాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక పూట కూలి పోయే బాధలు.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు అనే కంటి పరీక్షా శిబిరాల కార్యక్రమం మొదలుపెట్టింది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలై వంద పనిదినాలు సాగింది. కోటిన్నర మందిని పరీక్షించడం దాని లక్ష్యం. దగ్గరి చూపు అద్దాలు శిబిరంలోనే చేతికి ఇచ్చారు, నంబరు వేసి చేయించాల్సినవి తర్వాత తెప్పించి పంచారు. ఊరి మధ్య బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో కూర్చుని కళ్లు పరీక్షించుకోవడం చాలామందికి జీవితంలో అదే మొదటిసారి. అంత పెద్ద పని చేతికి వచ్చాక, ఆ అద్దాలు ఎన్నేళ్లు ముఖం మీద ఉంటాయన్నది తర్వాతి ప్రశ్న. ఫ్రేము, అద్దం బాగానే ఉండి, ముక్కు దగ్గర ఆగిపోయిన కళ్లజోడును తిరిగి వాడకంలోకి తేవడం కొత్తది ఇవ్వడం కంటే ఎంతో చవక. సాదా ప్యాడ్ల జత పదుల రూపాయల్లో దొరుకుతుంది.

ఇంట్లో శుభ్రం చేసుకునే తీరు

రోజూ పని ముగిశాక ఒక నిమిషం చాలు. కుళాయి కింద గోరువెచ్చని లేదా చల్లని నీళ్లతో ముందు దుమ్ము కడిగేయాలి. వేడినీళ్లు వద్దు; అద్దం మీది పూతలు పగులుతాయి, ప్లాస్టిక్ ఫ్రేము వంగుతుంది. అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేళ్ల మీద వేసుకుని అద్దాలు, ప్యాడ్లు, కాడలు మెల్లగా రుద్దాలి. తర్వాత మెత్తని పిల్లల పళ్ల బ్రష్‌తో ప్యాడ్ వెనుక గూటిని, తీగచేతి వంపును తోమాలి. బ్రష్ అద్దానికి తగలకూడదు. కడిగి, నీళ్లు విదిలించి, ఉతికిన మెత్తని నూలుగుడ్డతో అద్ది ఆరనివ్వాలి. గూట్లో తేమ మిగిలితే చిలుముకు మళ్లీ దారి ఇచ్చినట్టే.

పళ్లపొడి, బూడిద, చింతపండు, నిమ్మరసం రాగి చెంబుకు పనికొస్తాయి, కళ్లద్దాలకు కాదు. గరుకు పొడులు అద్దాన్ని గీస్తాయి, పులుపు లోహపు పూతను తింటుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రవం, థిన్నర్ అయితే ప్లాస్టిక్ ఫ్రేమునే కరిగించగలవు. శానిటైజర్‌ను అద్దం మీద వాడకపోవడం మంచిది.

అప్పటికే పచ్చని గడ్డ గట్టిపడి ఉంటే గోటితో, పిన్నుతో గోకకుండా ఆప్టికల్ షాపుకు తీసుకెళ్లాలి. జగిత్యాల, కరీంనగర్ లాంటి పట్టణాల్లోని పెద్ద షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషిన్ ఉంటుంది. చెవికి వినిపించనంత వేగంగా కంపించే నీళ్లలో లక్షల సూక్ష్మ బుడగలు పుట్టి పగులుతూ సందుల్లోని మురికిని లాగేస్తాయి. అద్దం పూత ఇప్పటికే పొరలు లేస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ కంపనం పొరను ఇంకా లేపవచ్చు.

మార్చుకునే తీరు

ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ప్యాడ్లు మార్చడం మంచిది. గట్టిపడినా, పసుపుబారినా, చిట్లినా, లోపలి లోహపు ముక్క పైకి కనిపిస్తున్నా అంతదాకా ఆగక్కర్లేదు. ఒకటి పోయినా రెండూ కలిపి మార్చాలి. పాతదీ కొత్తదీ ఒకే మందం ఉండవు కాబట్టి ఫ్రేము పక్కకు ఒరుగుతుంది.

మొదట ప్యాడ్ ఎలా బిగించి ఉందో చూడాలి. పక్క నుంచి చూస్తే చిన్న స్క్రూ తల కనిపిస్తే అది స్క్రూ రకం. స్క్రూ లేకుండా బుడిపె గూట్లోకి టక్కున దిగి ఉంటే అది నొక్కుడు రకం. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. తర్వాత పొడవు, స్కేలు మీద పాత ప్యాడ్‌ను పెట్టి మిల్లీమీటర్లలో కొలవాలి. ఎక్కువగా వాడేవి 13, 15 మిల్లీమీటర్లవి. ఆకారం కూడా చూసుకోవాలి, కోడిగుడ్డులా ఉండేవి, నీటిబొట్టులా ఒక చివర సన్నగా ఉండేవి, డి అక్షరంలా ఒక వైపు చదునుగా ఉండేవి వేరు వేరు. పాత ప్యాడ్‌ను పారేయకుండా షాపుకు తీసుకెళ్తే పొరపాటు జరగదు.

మెత్తదనం కావాలంటే సిలికాన్ మంచిది. చెమటలో జారదు, కానీ తొందరగా పాతబడుతుంది. గట్టి ప్లాస్టిక్ ప్యాడ్లు ఎక్కువ కాలం ఆగుతాయి, శుభ్రం చేయడమూ తేలిక, అయితే చెమటకు జారుతాయి. ముక్కు మీద దద్దుర్లు వచ్చేవాళ్లకు టైటానియం, సిరామిక్ ప్యాడ్లు కూడా దొరుకుతాయి.

మార్చేటప్పుడు బల్ల మీద తెల్లని తువ్వాలు పరవాలి. స్క్రూ మిల్లీమీటరు పాటి ముక్క, నేల మీద పడితే మళ్లీ దొరకదు. కళ్లజోడును తలకిందులుగా పెట్టి, తీగచేతిని బొటనవేలితో గట్టిగా ఆనించి పట్టుకుని, కళ్లజోడు స్క్రూడ్రైవర్‌తో అపసవ్యంగా తిప్పాలి. ఆనించి పట్టకపోతే తీగచేయి వంగి ఫ్రేము కుదురు చెడుతుంది. పాత ప్యాడ్ తీశాక ఖాళీ అయిన గూటిని బ్రష్‌తో తోమే అవకాశం అదొక్కటే, దాన్ని వదులుకోకూడదు. కొత్త ప్యాడ్ బుడిపెను గూట్లో దించి, రంధ్రాలు ఒకదానికొకటి సరిపోయాక స్క్రూను సవ్యంగా తిప్పాలి. ఎక్కువ బిగిస్తే మర అరుగుతుంది, ప్యాడ్ చిట్లుతుంది. బిగించాక వేలితో తాకితే ప్యాడ్ కొద్దిగా కదలాలి. ముక్కు వాలుకు తనంత తానే సర్దుకోవడానికి ఆ కదలిక ఉండాల్సిందే. నొక్కుడు రకమైతే పాతదాన్ని బొటనవేలి గోటితో లేపి, కొత్తదాన్ని గూట్లో పెట్టి టక్కుమనేదాకా నొక్కితే చాలు.

పెట్టుకున్నాక దేవుడికి దండం పెట్టినట్టు తల వంచి, అటూ ఇటూ తిప్పి చూడాలి. జారకూడదు, కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. పది నిమిషాల తర్వాత తీసి అద్దంలో ముక్కు చూసుకుంటే రెండు వైపులా ఒకే ఎత్తులో, ఒకే పరిమాణంలో లేత గుర్తులు కనిపించాలి. ఒకవైపు గుర్తు ఎర్రగా, సన్నని గీతలా ఉంటే ప్యాడ్ పూర్తిగా ఆనకుండా అంచు మీద నిలిచిందని అర్థం. తీగచేతిని వంచి దాన్ని సరిచేయాలి. ఆ పని షాపులోని ప్లయర్‌కు వదిలేయడమే మంచిది. లోహం పదేపదే వంగితే విరుగుతుంది, విరిగితే అతికించడానికి టంకం వేయాల్సి వస్తుంది.

ప్లాస్టిక్ ఫ్రేములకు ప్యాడ్ విడిగా ఉండదు, ఫ్రేములోనే పోత పోసి ఉంటుంది. జారుతుంటే వెనుక అంటించే సన్నని సిలికాన్ మెత్తలు వాడవచ్చు. అంటించే చోటును ముందు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. చిన్నపిల్లల అద్దాలకు రెండు ప్యాడ్ల బదులు ముక్కు మీదుగా ఒకే పట్టీలా వెళ్లే సిలికాన్ ముక్క వేయించడం మేలు. బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, ఆటల్లో పడ్డా గుచ్చుకోదు.

చర్మం మాట వినాలి

ప్యాడ్ల కింద లేత గుర్తులు మామూలే, కాసేపటికి పోతాయి. రోజుల తరబడి ఎర్రదనం, దురద, నీరు కారడం ఉంటే అది నికెల్ పడకపోవడం కావచ్చు. ప్యాడ్ అరిగి లోహం నేరుగా చర్మానికి తగిలేవాళ్లలో ఇది ఎక్కువ. యూరప్ దేశాల్లో చర్మానికి తగిలే వస్తువుల నుంచి నికెల్ వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి బయటికి రాకూడదని నిబంధన ఉంది. ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుపు ఉంటే ముక్కు పక్కనో చెవి వెనుకో మధ్యలో చీలికతో చిన్న గడ్డ లేస్తుంది. కళ్లజోడు అమరిక సరిచేస్తే అది చాలావరకు తగ్గిపోతుంది. కానీ చూడటానికి కొన్ని చర్మ క్యాన్సర్లలా ఉంటుంది కాబట్టి మానని పుండునో గడ్డనో చర్మవైద్యుడికి చూపించాల్సిందే.

శిబిరం ముగిశాక

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మేలో స్పెక్స్ 2030 అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కళ్లద్దాలు అవసరమైనవాళ్లలో వాటితో నిజంగా బాగా చూడగలుగుతున్నవాళ్ల వాటాను 2030 నాటికి 40 శాతం పాయింట్లు పెంచాలని దేశాలు ముందే ఒప్పుకున్నాయి. ఈ కొలత ఎన్ని జతలు పంచారని అడగదు, ఎంతమంది వాటితో స్పష్టంగా చూస్తున్నారని అడుగుతుంది. ఉత్తర తెలంగాణ పల్లెలకు ఇది సరిగ్గా సరిపోయే లెక్క. శిబిరాలు పెట్టిన అనుభవం ఈ నేలకు ఉంది, ముథోల్ దారి ఉంది, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్తున్నారు.

మిగిలిన పనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అద్దాలు పంచిన ఊరికి ఆరు నెలల తర్వాత ఒక టెక్నీషియన్ మళ్లీ రావాలి. ఆయన పెట్టెలో 13, 15 మిల్లీమీటర్ల సిలికాన్ ప్యాడ్లు, రెండు రకాల స్క్రూలు, సన్నని స్క్రూడ్రైవర్, ప్లయర్, బ్రష్, అద్దం ఉంటే చాలు. బీడీల లెక్క ఇచ్చే రోజు కార్ఖానా దగ్గర, సంత రోజు పంచాయతీ అరుగు మీద, దీక్షల కాలంలో కొండగట్టు వైద్య శిబిరంలో ఒక బల్ల వేసుకుని కూర్చోవచ్చు. పంచిన ప్రతి జతకూ ఏడాదికి రెండు ప్యాడ్లు కొనుగోలు జాబితాలోనే రాసి ఉంచాలి. కళ్లద్దాలు చేతికి ఇచ్చేటప్పుడే తల వంచి చూపించమని అడగడం, జారితే అక్కడే ప్యాడ్ వంచి ఇవ్వడం టెక్నీషియన్ శిక్షణలో చేరాలి. కిటికీ గట్ల మీద దుమ్ము పట్టిన కళ్లజోళ్లను ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త అడిగి రాసుకుంటే, ఏ ఊరికి ఎన్ని ప్యాడ్లు తీసుకెళ్లాలో ఆ జాబితాయే చెబుతుంది.